రేవుకి దిగువన, సగం దూరంలో

మా లెక్కల సారు పోయారన్న కబురు నాకు బస్సు మెట్ల మీంచి వచ్చింది. దీపావళి వెళ్ళిన వారం. గురజాలలో నేను పాఠాలు చెప్పే బడి ముందు మాచర్ల బస్సు ఆగితే, కండక్టరు తలుపు కడ్డీ పట్టుకుని వేలాడుతూ కేకేశాడు. అతనూ ఒకప్పుడు ఆయన దగ్గర చదివి లెక్కల్లో తప్పినవాడే.

"టీచరమ్మా! సారు పోయారంట. తెల్లారగట్ల గుండెనొప్పంట. రెంటచింతలలోనే, సాయంత్రం మట్టి చేస్తారంట."

ఆ మాట అని రైట్ రైట్ అన్నాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఒళ్ళుమంట. మనిషి పోయిన కబురు టిక్కెట్టు చింపినట్టు చింపి చేతిలో పెట్టిపోతారా ఎవరైనా? దిగి ఒక్క నిమిషం నిలబడి చెప్తే వాడి సొమ్మేం పోయింది? ఆ మంట చల్లారాక అసలు భయం పట్టుకుంది. కార్తీక పున్నమి దగ్గరకొచ్చేసింది. ఈ ఏడు మోకు పట్టుకుని నీళ్ళలో నిలబడేది ఎవరు?

ఈ మోకు సంగతి మీకు చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు. అయితే దానికంటే ముందు కుక్కనీ కుందేలునీ చెప్పాలి. ఓపిక పట్టండి, లెక్కే అయినా ఇది బెదిరించే లెక్క కాదు.

నేను మాచర్లలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు లెక్కల లెక్చరరు. సన్నగా, పొడుగ్గా, ఉతికి ఉతికి పల్చబడ్డ తెల్లచొక్కాతో ఉండేవారు. క్లాసులోకి రాగానే కొత్త సుద్దముక్కని సగానికి విరిచి ఒక సగం జేబులో వేసుకునేవారు. అందుకే ఆయన జేబు ఎప్పుడూ పిండిమర నుంచి వచ్చినట్టుండేది. ఎందుకు సార్ విరుస్తారు అంటే, "రాసేదానికి ఒక సగం, తప్పు దిద్దుకునేదానికి ఒక సగం. నాకు రెండోదే ఎక్కువ ఖర్చవుద్ది" అనేవారు.

కుక్క, కుందేలు లెక్క ఆయన బోర్డు మీద చెప్పలేదు. వరండాలోకి తీసుకుపోయి, నాపరాళ్ళు పరిచిన నేల మీద గొంతుక్కూర్చుని గీశారు. కుందేలు తిన్నగా ఒక గీత వెంట పరిగెడుతుంది. కుక్క పక్కనుంచి, అదే వేగంతో, దాన్ని తరుముతుంది. కానీ కుక్క ఎప్పుడూ కుందేలు ఎక్కడుందో అటే ముక్కు పెట్టి పరిగెడుతుంది, ఎక్కడికి పోబోతోందో చూడదు. ఆయన ఒక అడుగు కుందేలుది, ఒక అడుగు కుక్కది చుక్కలు పెడుతూ పోతే కుక్క దారి కొడవలి వంపు తిరిగింది. చివరికి కుక్క కుందేలు వెనకాలకే వచ్చిపడింది. ఇక అక్కణ్ణించి ఎంతసేపు పరిగెత్తినా వాటి మధ్య దూరం తగ్గదు. ఎంత మిగిలింది అని కొలిస్తే, మొదట ఉన్న దూరంలో సరిగ్గా సగానికి వచ్చి ఆగుతుందని తేలింది.

నాకప్పుడు నోరు ఊరుకునేది కాదు. "అందదని తెలిసీ పరిగెత్తే కుక్కకి బుద్ధి లేదా సార్?" అన్నాను.

"బుద్ధి ఉందమ్మా. చూపు తిప్పుకోదు, అంతే" అన్నారాయన.

తర్వాత వారం కుమ్మరి దగ్గర ఒక కడవ కొనుక్కుని సైకిలు మీద పెట్టుకొచ్చారు. ప్రిన్సిపాలు గారు చూసి, "ఏమండీ, లెక్కల క్లాసా, వంట క్లాసా?" అని నవ్వారు. ఆయన ఆ కడవ పొట్ట మీద దారం బిగించి లాగి, "ఇక్కడ తిన్నని దారి అంటే ఇది. నేల వంగితే తిన్నదనం కూడా దాంతోపాటు వంగుద్ది" అన్నారు. అదే కుక్క, అదే కుందేలు, అదే వేగం. కడవ పొట్ట మీద చుక్కలు పెడితే కుక్క సగం కంటే దగ్గరకి వచ్చింది. పొట్ట వదిలి మెడ దగ్గర, జీను లాగా ఒకవైపు లోపలికీ ఒకవైపు బయటికీ వంగిన చోట పెడితే, పాపం సగానికి కూడా రాలేకపోయింది. దూరం సగంకంటే ఎక్కువే మిగిలింది. మేం నోళ్ళు తెరిచాం. పరిగెత్తేవాడి సత్తా ఒక్కటే కాదు, కాళ్ళ కింద నేల ఎట్టాంటిదో కూడా చూడాలి అని ఆయన అన్న మాట ఆ రోజు వట్టి లెక్కే అనుకున్నాను.

ఇక మా ఊరి సంగతి. మాది కృష్ణ ఒడ్డు. రేవు మెట్ల పైన శివాలయం. రేవుకి ఎదురుగా, ఏటి మధ్యలో ఒక రాతితిప్ప ఉంది. మా ఊళ్ళో చూపుమొక్కు అని ఒకటుంది. ఇంట్లో ప్రాణం మీదకొస్తే ఆ ఇంటి మగపిల్లాడు కార్తీక పున్నమి పొద్దున తిప్ప మీంచి రేవుకి ఈదుతాడని మొక్కుకుంటారు. ఈత వచ్చినవాళ్ళకి అదేం పెద్ద పని కాదు. షరతు ఒక్కటే. తల ఎత్తి ఈదాలి. ధ్వజస్తంభం మీంచి చూపు తిప్పకూడదు. చూపు ఎటుంటే ఒళ్ళూ అటే తిరగాలి. చూపు తిప్పితే మొక్కు చెల్లదు, మొక్కు చెల్లకపోతే ఎవరి కోసం మొక్కారో వాళ్ళు దక్కరని మా వాళ్ళ నమ్మకం.

కార్తీకానికి ఏరు మామూలుగా మెత్తబడేది. నేను ఈ కుక్క లెక్క విన్న ఏడు మెత్తబడలేదు. తుపాను వానలు ఆలస్యంగా పడ్డాయి, పైనుంచి ఎర్రనీళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. మా అమ్మ వేసవి నుంచీ మంచం మీద ఉంది. గుంటూరు తీసుకెళ్ళాం, తీసుకొచ్చాం. నాయన మా అన్నయ్య పేరు మీద చూపుమొక్కు మొక్కాడు. దసరాకి అమ్మ లేచి కూర్చుంది. అందరం గట్టెక్కామనుకున్నాం. పున్నమి వారం ఉందనగా మళ్ళీ జ్వరం తిరగబెట్టింది. ఇక నాయన్ని ఆపడం ఎవరి తరం? "మొక్కు ఆలస్యం చేశామనే మీ అమ్మ మళ్ళీ పడిపోయింది" అన్నాడు. అన్నయ్యకి ఏటి వంక చూస్తే మొహం పాలిపోతోంది. నేను చూశాను. కానీ వాడు బయటికి చెప్పే రకం కాదు.

నేను ఒడ్డున నిలబడి ఆ నీళ్ళు చూశాను. తిప్ప, రేవు, చూపు తిప్పని మనిషి. వరండాలో గీసిన కుక్క దారి గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున బస్సెక్కి రెంటచింతల పోయాను. సారు గుడి నుంచి, అంటే చర్చి నుంచి, అప్పుడే ఇంటికొచ్చారు. గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన చొక్కా కూడా మార్చుకోలేదు.

"కుందేలు పరిగెత్తినా ఒకటే, కుందేలు నిలబడి నేల వెనక్కి జరిగినా ఒకటే. మీ రేవు కుందేలమ్మా" అన్నారు.

"మా అన్నయ్య కుక్కా సార్?" అని ఏడుస్తూనే నవ్వాను.

"పద, ముందు ఏరు చూడాలి" అన్నారు.

మా ఊరొచ్చి ఆయన చేసిన మొదటి పని ఎండు ఆముదపు కొమ్మ ఒకటి ఏట్లోకి విసరడం. అది కొట్టుకుపోతుంటే ఒడ్డున దాని పక్కన నడిచారు. తర్వాత అన్నయ్యని బతిమాలి, గట్టు మరుగున నిలకడగా ఉన్న నీళ్ళలో ఈదించి, ఒడ్డున అదే నడక నడిచారు. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఏటి వేగం, అన్నయ్య వేగం సరిసమానం.

"ఏరు తక్కువైతే రేవు చేరతాడు. ఎక్కువైతే కొట్టుకుపోతాడు, అది అందరికీ కనపడుద్ది, ఎవరూ దిగనివ్వరు. సమానమైందే మోసం. చేరుతున్నట్టే ఉంటాడు, చేరడు" అన్నారు నాతో.

సాయంత్రం మా అరుగు మీద పంచాయతీ. సారు మా నాపరాళ్ళ మీద సుద్దతో ఏరు గీశారు. నాయన, పూజారి గారు, ఇరుగుపొరుగు బాబాయిలు చుట్టూ కూర్చున్నారు. చుక్కలు పెడుతూ పోతే అన్నయ్య దారి కొడవలిలా వంగి, రేవుకి దిగువకి వచ్చి, ఒడ్డు వారగా ఏటికి ఎదురు తిరిగి, అక్కడే ఆగిపోయింది. తిప్పకీ రేవుకీ ఎంత దూరమో, రేవుకి దిగువన అందులో సగం దూరంలో.

"ఇక్కడ వీడు ఏటికి ఎదురీదుతూ ఉంటాడు. ఎంత ఈదితే ఏరు అంత వెనక్కి నెడుద్ది. ఇట్టా ఎంతసేపని ఈదుతాడయ్యా మనిషి? మొక్కు మానమని నేననట్లా. చూపు తిప్పమనీ అనట్లా. బయలుదేరే చోటు కాస్త ఎగువకి మార్చండి, చాలు. పుట్టి పడవ మీద ఎగువకి తీసుకెళ్ళి దింపండి. ధ్వజస్తంభాన్నే చూసుకుంటా వస్తాడు, రేవు పక్కకే వస్తాడు."

ఎంత మంచి ఉపాయం! నాకు ప్రాణం లేచొచ్చింది. పూజారి గారు గడ్డం గోక్కున్నారు. "శాస్త్రంలో తిప్ప అని ఏం లేదు కానీ, పెద్దల నుంచీ తిప్పే కదా" అన్నారు. నాయన తల అడ్డంగా ఊపాడు.

"తిప్ప అని మొక్కాను సారూ. దేవుడితో బేరం ఆడమంటారా? ఇంట్లో అది జ్వరంతో ఉంది. రేపు దానికేమైనా అయితే మీ సుద్దముక్క వచ్చి అడ్డం పడుద్దా?"

"నాయనా!" అన్నాను.

"నువ్వు ఊరుకోయే" అని కసిరి, నాయన ఇంకో మాట కూడా అన్నాడు. "మీ గుళ్ళో మేమెప్పుడైనా లెక్కలు చెప్పామా?"

నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. అయినా ఆయన లేచిపోలేదు. నేల మీద సుద్దగీత వెంట ఇంకోసారి వేలు పోనిచ్చారు. నాకేసి తిరిగి చిన్నగా, "మీ ఇల్లు కడవ మెడమ్మా, ఎంత పరిగెత్తినా సగానికి కూడా రాలేం" అన్నారు. తర్వాత నాయనతో, "అట్టాగే కానీండి. నాకొక మంచి మోకు ఇప్పించండి. వాడి చూపు నావల్ల తప్పదు, మాటిస్తున్నా" అన్నారు.

ఎండిన ధాన్యం బస్తాలు కట్టే మోకు ఒకటి నాయనే ఇచ్చాడు. దేనికని అడగలేదు.

పున్నమి పొద్దున ఊరంతా రేవు మెట్ల మీదే. డప్పులు, శంఖం, హరహర మహాదేవ. అమ్మని మంచంతో సహా మోసుకొచ్చి మెట్ల పైన దింపారు. అన్నయ్యని పుట్టి మీద తిప్పకి తీసుకెళ్ళారు. సారు భుజాన మోకు వేసుకుని ఆ జనంలోంచి విడిపోయి, ఒడ్డెమ్మట దిగువకి నడిచారు. వెనకనుంచి ఎవరో, "రేవు ఇటుంటే సారు అటు పోతాడేందిరా!" అంటే నవ్వులు లేచాయి. నేను ఆయన వెనకాల పరిగెత్తాను.

ఆ సగం దూరంలో ఒడ్డు నిలువుగా కోసేసి ఉంది. నీళ్ళలోకి అరుగులాంటి నాపరాయి ఒకటి సాగి ఉంది. అది దాటితే అడుగు అందదు. సారు మోకు ఒక కొస తుమ్మచెట్టుకి కట్టి, ఇంకో కొస నడుముకి చుట్టుకున్నారు.

"మీకు ఈతొచ్చా సార్?"

"రాదు. అందుకే కదా లెక్కలు నేర్చుకుంది" అన్నారు. జోకు నాకు నవ్వు తెప్పించలేదు.

అన్నయ్య నీళ్ళలోకి దూకాడు. మొదట అంతా బాగానే ఉంది. నల్లటి తల ఒకటి, చూపు తిన్నగా గుడి వైపు. తర్వాత ఆ తల దిగువకి జరగడం మొదలైంది. రేవు మీద జనం ఇంకా ఉత్సాహంగానే అరుస్తున్నారు, వాళ్ళకి అది దగ్గరకొస్తున్నట్టే కనిపిస్తోంది. నాకు మాత్రం మా అరుగు మీది సుద్ద చుక్కలు కనిపిస్తున్నాయి. ఒక్కో చుక్క మీదకీ వాడు వస్తున్నాడు. వస్తూ వస్తూ మొహం ఏటికి ఎదురు తిప్పుతున్నాడు. చివరికి వీపు మాకేసి, మొహం గుడికేసి పెట్టి, మేం నిలబడ్డ చోటికి కాస్త ఎడంగా వచ్చి, నిలిచిపోయాడు. చేతులు ఆడుతున్నాయి. మనిషి కదలడం లేదు. చూస్తే నీళ్ళ మీద మేకు కొట్టి తగిలించినట్టున్నాడు.

"అన్నయ్యా!" అని అరవబోయాను. సారు నా నోరు మూశారు.

"అరిస్తే తిరిగి చూస్తాడు. మాటిచ్చాను."

"చచ్చిపోతాడు సార్!"

"వస్తాడు. ఇంకాస్త ఒడ్డుకి వస్తాడు. ఆగు."

ఆగు! ఆ మాట అనడానికి ఆయనకి ఎంత గుండె కావాలో ఇప్పటికీ నాకు అర్థం కాదు. రేవు మీంచి పేరు పెట్టి పిలుస్తున్నారు, రా రా అంటున్నారు, వాళ్ళు పిలిచే కొద్దీ వాడు అటే చూస్తూ అటే ఈదుతున్నాడు. పక్కకి రెండు బారలు వేస్తే ఒడ్డు. కానీ పక్కన ఒడ్డు ఉందని వాడికేం తెలుసు? వాడి చేతులు నెమ్మదించాయి. గడ్డం నీళ్ళలో మునిగి తేలింది. డప్పులు ఒకటొకటే ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది రేవు మీద వాళ్ళకి.

సారు అరుగురాయి మీదకి దిగారు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. రాయి అంచుకి వచ్చి చెయ్యి చాపారు. అందలేదు. వెనక్కి తిరిగి నాకేసి చూసి, "మోకు పట్టుకో అమ్మా" అని, ఈత రాని ఆ మనిషి, అంచు దాటి అడుగు వేశారు.

తల మునిగిపోయింది. మోకు నా అరచేతుల్లో చర్మం లేపుకుపోయింది. నేను కాలు తుమ్మమొద్దుకి తన్నిపెట్టి లాగాను, ఏం అరిచానో నాకు తెలియదు. నీళ్ళలోంచి ఒక తెల్లచొక్కా చెయ్యి లేచి, వెనకనుంచి అన్నయ్య మొలతాడు పట్టుకుంది. ఇద్దరూ కలిసి మునిగి, కలిసి లేచారు. రేవు మీంచి మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి మోకు అందుకున్నారు. లాగి రాయి మీద పడేస్తే, అన్నయ్య ఇంకా గుడి వైపే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా, రెప్ప వెయ్యకుండా.

నాయన రొప్పుతూ వచ్చాడు. కొడుకుని చూశాడు. నోటివెంట వచ్చిన మొదటి మాట, "చూపు తిప్పాడా?"

నాకు నాయన్ని అక్కడే ఏట్లోకి తోసెయ్యాలనిపించింది. సారు బోర్లా పడి నీళ్ళు కక్కుతున్నారు. దగ్గు ఆపుకుని తలెత్తి, "తిప్పలేదు. నేను చూశాను" అన్నారు.

నాయన అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి భుజం మీద కండువా తీసి సారు తల తుడిచాడు. చంటిపిల్లాడికి తుడిచినట్టు, చెవుల వెనకాల కూడా తుడిచాడు. మళ్ళీ అన్నయ్యని ఇద్దరు పట్టుకుని, ధ్వజస్తంభం మీంచి చూపు తప్పకుండా ఒడ్డు వెంట నడిపించి, మెట్లెక్కించారు. పూజారి గారు మొక్కు చెల్లిందన్నారు. కాదంటే నేనేమనేదాన్నో ఆయనకీ తెలుసు.

అమ్మ బతికింది. ఇప్పటికీ నా వంట మీద వంకలు పెడుతూనే ఉంది. "దేవుడే సారుని అక్కడ నిలబెట్టాడు" అని నాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మాట సారుకి చెప్తే, "కాదని నేనెందుకంటాను? నిలబడింది నిజమే కదా" అని నవ్వేశారు.

మొక్కులు ఆగలేదు. ఏరూ ఆగలేదు. ఆ మరుసటి ఏటి నుంచి మాత్రం ఎవరింట్లో చూపుమొక్కున్నా ముందు సారుకి కబురు వెళ్ళేది. ఆయన రావడం, ఏట్లో కొమ్మ విసరడం, ఒడ్డున నడవడం, ఎక్కడ నిలబడాలో చూసుకోవడం. ఏరు నెమ్మదిగా ఉంటే రేవు దగ్గరికి జరిగేవారు. ఉద్ధృతంగా ఉంటే వద్దంటే వద్దనేవారు, ఆ మాట ఇక ఎవరూ కాదనలేదు. తుమ్మచెట్టు గాలివానకి పడిపోతే నాయనే ఒక గట్టి గుంజ పాతించాడు. దానికి సారుగుంజ అని పేరొచ్చింది. కారణం తెలియని కోడళ్ళు దానికి పసుపు, కుంకుమ పెట్టడం మొదలుపెట్టారు. అది చూసి ఆయన పడిపడి నవ్వారు. "బతికుండగానే బొడ్రాయిని చేశారు గదమ్మా నన్ను! మా ఫాదర్ గారికి తెలిస్తే నా పని అయిపోద్ది." ఇన్నేళ్ళలో ఈత మాత్రం నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోరని పోట్లాడితే, భయం ఉంటేనే లెక్క సరిగా చేస్తాను అనేవారు.

ఇదంతా ఒక ఎత్తు, అన్నయ్య సంగతి ఒక ఎత్తు. ఆ పున్నమి తర్వాత వాడు ఏట్లో కాలు పెట్టలేదు. గేదెలు కడగడానికి కూడా బావి దగ్గరకే తోలుకుపోయేవాడు. ఏటి చప్పుడు వినపడితే తలుపు వేసుకునేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే సారు ఊరుకునేవారు కాదు. "వాడు చూసింది మీరు చూడలా" అనేవారు. మా ఇంటికొస్తే అన్నయ్య ఆయన పక్కనే కూర్చునేవాడు, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకసారి వాడు అడిగాడు, "సారూ, ఆ రోజు నేను పక్కకి చూసుంటే ఒడ్డు కనపడేదా?" అని. ఆయన అబద్ధం చెప్పలేదు. "కనపడేదిరా అబ్బాయ్. అందుకే కనపడని చోట ఒకడు నిలబడాలి" అన్నారు.

కడవ మీద లెక్కని ఆయన ఏళ్ళ తరబడి చేసుకుంటూ వచ్చారు. పొట్ట మీద ఎంత మిగులుతుంది, మెడ మీద ఎంత మిగులుతుంది అన్నది సూత్రం కట్టి ఏదో పత్రికకి పంపితే, ఇది ఎప్పుడో తెలిసిన విషయమే అని తిరిగొచ్చింది. నాకు కోపం వచ్చింది, ఆయనకి రాలేదు. "ఎవరో నాకంటే ముందు పరిగెత్తారమ్మా. నేను వాళ్ళ వెనకాలే ఉన్నాను, సగం దూరంలో. బానే పరిగెత్తానన్నమాట" అన్నారు. చివరిసారి దసరా సెలవల్లో కలిసినప్పుడు నాకు సుద్దముక్క సగం విరిచి ఇచ్చారు. ఆయన ఎప్పుడూ చేసేదే కాబట్టి నేను ప్రత్యేకంగా ఏం అనుకోలేదు. "పున్నమికి పిలుపొచ్చిందమ్మా, మీ పక్కింటి పిన్ని కొడుకంట. నీళ్ళు ఇంకా జోరుగానే ఉన్నాయంట కదా" అన్నారు.

మట్టి వేళకి రెంటచింతల చేరాను. పొద్దు వాలుతున్నా సమాధుల దొడ్డి నిండా జనం. నాయన తన కండువా తీసి పెట్టె మీద కప్పాడు, ఫాదర్ గారు అడ్డు చెప్పలేదు. అన్నయ్య పిడికెడు మట్టి వేసి, చెయ్యి దులుపుకోకుండా అలాగే నిలబడ్డాడు. తిరుగు బస్సులో నేను నెమ్మదిగా అడిగాను. "పిన్ని కొడుకుని ఈ ఏడుకి ఆపమందామా?" వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

పిన్ని ఆపలేదు. ఆమె మొగుడు ఆస్పత్రిలో ఉన్నాడు, ఆమెని నేనేమనగలను? మొన్న పున్నమి పొద్దున నేనే కొమ్మ విసిరాను, నేనే నడిచాను, నేనే లెక్క కట్టాను. సమానం. సరిగ్గా ఆనాటి లాగే సమానం. మళ్ళీ ఆ గుంజ దగ్గరకే. నా అరచేతుల్లో పాత మచ్చలు దురద పెట్టాయి. నాకు మాత్రం ఈతొచ్చా? మోకు తీసుకుని నడుముకి చుట్టుకుంటుంటే, వెనకనుంచి ఎవరో అది నా చేతుల్లోంచి లాక్కున్నారు.

అన్నయ్య. పంచె ఎగదోపి ఉన్నాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఎక్కడ నిలబడాలే?" అన్నాడు.

నేను సారు ఇచ్చిన సగం సుద్దముక్కతో ఒడ్డురాయి మీద గీత గీశాను. వాడు మోకు నడుముకి బిగించుకుని ఆ గీత దాటి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. తిప్ప మీంచి పిల్లాడు దూకిన చప్పుడు వినిపించింది. రేవు మీద ఊరంతా ధ్వజస్తంభానికేసి చేతులెత్తి దణ్ణం పెట్టింది. మా అన్నయ్య ఒక్కడే గుడికి వీపు పెట్టి, ఏటికేసి చూస్తూ, నోరు మూసుకుని, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.